ఇంట్లో చెప్పుకోవాల్సిన జబ్బు



విజయవాడ సూర్యారావుపేటలో గానీ, మరే ఊళ్లో గానీ, క్యాన్సర్ డాక్టరుగారి గది ముందు కాసేపు కూర్చుంటే ఒక మాట చెవిన పడుతుంది. పరీక్ష అయిపోయి అమ్మ లోపల చీర సర్దుకుంటూ ఉంటుంది. ఈలోగా కొడుకు గుమ్మం దగ్గర డాక్టరుగారిని ఆపి, గొంతు తగ్గించి, "అమ్మకి మాత్రం చెప్పకండి సార్, తట్టుకోలేదు" అంటాడు. ప్రేమ కొద్దీ అంటాడు. కానీ ఆ తల్లికి అప్పటికే సగం తెలుసు. ఆసుపత్రి బోర్డు చూసింది. పక్క కుర్చీలో కూర్చున్నావిడకు జుట్టెందుకు లేదో గ్రహించింది. పిల్లలు బెంగ పెట్టుకుంటారని తనకు తెలిసిన సంగతి తానూ పైకి అనదు. అలా ఒకే ఇంట్లో, ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ, అందరూ ఒంటరివాళ్లవుతారు.

ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఈ దాపరికం గురించి. క్యాన్సర్ కథలో మొదటి గడ్డ తగిలిన రోజు నుంచి, వైద్యం ముగిసి పదేళ్లు గడిచాక కూడా, అడుగడుగునా మనం ఏదో ఒకటి దాస్తూనే ఉంటాం. దానికి చెల్లించే మూల్యం చాలా పెద్దది. నేను డాక్టర్ని కాను. రొమ్ము క్యాన్సర్ వచ్చిన మా అమ్మ వెంట ఆసుపత్రులకు తిరిగి, ఇంటి దగ్గర ఆవిణ్ని చూసుకున్న మనిషిని. తర్వాత మా ఊళ్లోనూ చుట్టుపక్కలా ఇదే దారిన నడుస్తున్న కుటుంబాలతో కూర్చుని మాట్లాడుతూ వచ్చాను. వైద్యం సంగతులు వైద్యులూ పరిశోధకులూ తేల్చినవి చెబుతాను. ఇంటి సంగతులు నేను కళ్లారా చూసినవి.

ముందుగా, జబ్బు బయటపడక ముందటి దాపరికం.

మన దేశంలో 2022లో 14 లక్షల మందికి పైగా కొత్తగా క్యాన్సర్ బయటపడిందని అంచనా. అందులో పెద్ద వాటా మూడు చోట్లది: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఈ మూడూ కంటితో చూసి, చేత్తో తడిమి, చిన్న పరీక్షతో ముందే పసిగట్టగలిగినవి. అయినా మన దగ్గర చాలామంది ముదిరాకే ఆసుపత్రికి వస్తారు. కారణం అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: "నొప్పి లేదు కదండీ, అందుకే ఊరుకున్నాం." అసలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మొదట్లో క్యాన్సర్ గడ్డకు సాధారణంగా నొప్పి ఉండదు. నొప్పి పుట్టేదాకా ఆగితే దానికి కావలసినంత గడువు మనమే ఇచ్చినట్టు.

రొమ్ములో గడ్డ చేతికి తగిలినా, చర్మం గుంటపడినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, అందులోంచి రక్తం కారినా ఆ వారమే చూపించుకోవాలి. ముట్లుడిగిన తర్వాత మళ్లీ రక్తం కనబడినా, భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం కనబడినా, తెల్లబట్ట దుర్వాసన వేస్తున్నా అది వయసు వల్ల వచ్చిందని సరిపెట్టుకోకూడదు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, జర్దా కిళ్లీ అలవాటున్నవాళ్లు వారానికోసారి అద్దం ముందు నోరు తెరిచి చూసుకోవాలి. రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్లటి మచ్చ, ఎర్రటి మచ్చ, నోరు రోజురోజుకీ బిగుసుకుపోవడం, మంట వల్ల కారం తినలేకపోవడం, వీటిలో ఏది కనబడినా డాక్టరుకు చూపించాలి.

మన కోస్తా జిల్లాల్లో చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉంది. ఉత్తర కోస్తాలో ఇది మరీ ఎక్కువ, అందులోనూ ఆడవాళ్లలో. ఆ వేడికి అంగిట్లో పుట్టే క్యాన్సర్ మీద విశాఖపట్నం వైద్యులు దశాబ్దాల కిందటే పరిశోధనలు చేశారు. ఇంట్లో ముసలమ్మకు అడ్డపొగ అలవాటుంటే, దీపం పట్టుకుని ఆవిడ అంగిలి ఒకసారి చూడండి.

ముందుగా చూస్తే నిజంగా ప్రాణాలు దక్కుతాయా? దక్కుతాయని మన దేశంలోనే తేలింది. తిరువనంతపురం జిల్లాలో దాదాపు లక్షా తొంభై వేల మంది మీద అధ్యయనం చేశారు. ఇంటింటికీ వెళ్లి నోరు పరీక్షించిన చోట, పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గాయని 2005లో ప్రకటించారు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రివాళ్లు మురికివాడల్లోని లక్షన్నర మంది స్త్రీలతో మరో అధ్యయనం చేశారు. పదో తరగతి వరకు చదివిన మామూలు ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, గర్భాశయ ముఖద్వారం మీద పలచటి ఎసిటిక్ యాసిడ్ రాసి చూసే పరీక్ష చేయించారు. లోపం ఉన్న చోటు తెల్లగా తేలుతుంది. కొద్ది నిమిషాల పని. ఆ పరీక్ష జరిగిన చోట గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పెద్ద యంత్రాలేమీ వాడలేదు. కావలసింది తలుపు తట్టే ఒక మనిషి, తలుపు తీసే ఒక ఇల్లు.

ఆ తలుపు తట్టే మనిషి మన ఊళ్లోనూ ఉంది. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరుతో పాటు నోటి పరీక్ష, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు చేయాలన్నది దేశమంతటా అమలులో ఉన్న కార్యక్రమం. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త మీ గుమ్మంలోకి వచ్చి అడిగినప్పుడు "మాకేం లేదమ్మా" అని పంపించెయ్యకండి. అత్తగారి ముందు సిగ్గయితే "రేపు సెంటరుకు వస్తాను" అని చెప్పి వెళ్లండి. జబ్బూ గండి లాంటిదే. కాలువ గట్టుకు బెత్తెడు గండి పడ్డప్పుడు రెండు బస్తాల మట్టితో ఆపగలం. తెల్లారేదాకా ఊరుకుంటే చేలన్నీ మునుగుతాయి. డెల్టా రైతుకు ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దాదాపు ప్రతి కేసులోనూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది ఒంట్లో చేరాక క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పది పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. అంత గడువు ఇచ్చే క్యాన్సర్లు తక్కువ. 9 నుంచి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలకు టీకా వేయిస్తే రక్షణ బాగా ఉంటుంది. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకా 2023లో అందుబాటులోకి వచ్చింది. ఆడపిల్ల ఉన్న తల్లిదండ్రులు ఈ సంగతి డాక్టరుగారితో ఒకసారి మాట్లాడాలి.

ఇక జబ్బు బయటపడిన రోజు.

"ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుందట" అని మన ఊళ్లలో గట్టి నమ్మకం ఉంది. ఆ భయంతో బయాప్సీ మానేసి, నెలల తరబడి పసర్లు కట్టించుకుంటారు. పద్ధతి ప్రకారం చేసిన బయాప్సీ వల్ల జబ్బు పాకదు. ఏ రకం క్యాన్సరో, దేనికి లొంగుతుందో ఆ ముక్కే చెబుతుంది. అది తెలియకుండా వైద్యం మొదలుపెట్టడానికే లేదు.

తర్వాత ఇంట్లో చెప్పడం. ఎలా చెప్పాలని చాలామంది అడుగుతారు. ఒక్కసారిగా అంతా గుమ్మరించనక్కర్లేదు. "డాక్టరు ఏమన్నారని నీకు అర్థమైందమ్మా?" అని మొదట అడగండి. ఆవిడకు ఎంత తెలుసో అక్కడే తేలుతుంది. "ఇంకా ఏం తెలుసుకోవాలనుంది?" అని అడగండి. ఆవిడ అడిగినంత వరకు నిజం చెప్పండి. అడగకపోతే ఆగండి, మళ్లీ అడిగే దారి తెరిచే ఉంచండి. అబద్ధం మాత్రం చెప్పొద్దు. కీమో మూడో విడతకు ఆ అబద్ధం బయటపడుతుంది. ఆ తర్వాత మీరు చెప్పే ధైర్యం కూడా ఆవిడ నమ్మదు. ఇంకో సంగతి. ఆ మనిషికి తన పొలం, తన బంగారం, చిన్నమ్మాయి పెళ్లి, రాజమండ్రిలో ఉన్న చెల్లెలితో తెగిపోయిన మాటలు, ఇలా చక్కబెట్టుకోవాల్సినవి ఎన్నో ఉంటాయి. తన ఒంటి సంగతి తనకు తెలియకుండా ఆ పనులు ఎలా చేసుకుంటుంది?

వైద్యం సంగతికి వద్దాం. నేనిప్పుడు మాట్లాడుతున్న ఈ విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. ఆ ఏడాదే జూన్‌లో అమెరికాలోని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఒక సంగతి ప్రకటించారు. రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొన్నాళ్ల పాటు వెనక్కి తగ్గిందని. అంతకు ముందు ఆ పిల్లలకు ఇవ్వడానికి పనికొచ్చే మందే లేదు. ఆ మందు తయారైన లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినవారు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకే, ఆయన కన్నుమూశారు. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్ వైద్యంలో నేటికీ వాడుతున్నారు. అప్పుడు కొన్నాళ్లు తగ్గితే అద్భుతం అనుకున్న పిల్లల రక్త క్యాన్సర్, ఇప్పుడు మంచి కేంద్రంలో పూర్తి వైద్యం అందితే ఎక్కువమందిలో నయమైపోతుంది. "క్యాన్సరొస్తే ఇంతే" అనే మాట ఇంట్లో ఎవరన్నా అన్నప్పుడు ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

ఒకప్పుడు మనవాళ్లు క్యాన్సర్ వైద్యానికి మద్రాసులోని అడయారు ఆసుపత్రికో, హైదరాబాదులోని ఎంఎన్‌జే ఆసుపత్రికో వెళ్లేవాళ్లు. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టిన ఎన్టీ రామారావుగారి భార్య బసవతారకంగారు క్యాన్సర్‌తో 1985లో చనిపోయారు. ఆవిడ పేరుతో హైదరాబాదులో ఆసుపత్రి 2000లో మొదలైంది. ఇప్పుడు విజయవాడలోనే రేడియేషన్ యంత్రాలున్న ఆసుపత్రులున్నాయి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో సంస్థ కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం కింద కీమో, రేడియేషన్, ఆపరేషన్లు వస్తాయి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదట ఆ పథకం కౌంటరుకు వెళ్లి అడగండి, ఆ తర్వాతే అప్పు సంగతి ఆలోచించండి. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపరులోనూ థర్డ్ ఏసీలోనూ ఛార్జీ పూర్తిగా మినహాయింపు, తోడు వెళ్లేవారికి 75 శాతం రాయితీ. దానికి డాక్టరు సంతకంతో నిర్ణీత ఫారం కావాలి. అడిగితే ఆసుపత్రివాళ్లే ఇస్తారు.

మన డెల్టాలో వైద్యం తరచూ తెగిపోయేది రేడియేషన్ దగ్గర. దాన్ని మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. అది వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. అవనిగడ్డ నుంచో నాగాయలంక నుంచో రోజూ కరకట్ట మీద బస్సులో వచ్చి, పది నిమిషాల వైద్యం చేయించుకుని, మళ్లీ ఇల్లు చేరాలి. మూడో వారానికి ఒంట్లో ఓపిక తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే నాట్లో కోతలో వస్తాయి. "ఈ వారం మానేసి వచ్చే వారం వెళ్దాం" అనుకుంటారు. రేడియేషన్ మధ్యలో ఆపితే ఫలితం తగ్గుతుంది. ఇక్కడ ఊరు కలగజేసుకోవాలి. ఆ ఇంటి కోతకు నలుగురు కలిసి వెళ్లండి. ఆ ఐదారు వారాలూ బస్తీలో ఉన్న బంధువులెవరైనా ఒక గది ఇవ్వండి. మీరు పట్టుకెళ్లే అరటిపళ్ల కంటే ఆ సాయం వెయ్యి రెట్లు మేలు.

కీమో తీసుకుంటున్న మనిషికి జ్వరం 100.4 డిగ్రీలు దాటితే రాత్రయినా అపరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకండి. ఆ రోజుల్లో తెల్ల రక్తకణాలు పడిపోతాయి, చిన్న ఇన్‌ఫెక్షనే ప్రాణం మీదకు వస్తుంది. ఇంట్లో ఒక థర్మామీటరు, గోడ మీద పెద్ద అంకెలతో ఆసుపత్రి నంబరు తప్పకుండా ఉండాలి.

తిండి దగ్గర పథ్యాలు పెట్టి మనిషిని ఎండగడతారు. గుడ్డు వేడి, చేప దురద, పెరుగు జలుబు అంటారు. డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నవి తప్ప అన్నీ పెట్టండి. ఆ రోజుల్లో కండ కరగకుండా ఉండాలంటే గుడ్డు, పప్పు, కొర్రమీను పులుసు, పాలు, పెరుగు కావాలి. నోరు పూసిపోతే కారం తగ్గించి, మెత్తటి పెరుగన్నం, చల్లారిన రాగి జావ కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు ఇవ్వండి.

మరో దాపరికం విడి కంచం, విడి గ్లాసు. ఎవరూ పైకి ఏమీ అనరు, మెల్లగా కంచం వేరుచేస్తారు. పసిపిల్లల్ని దగ్గరికి పోనివ్వరు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. బయటి నుంచి యంత్రంతో రేడియేషన్ ఇచ్చిన మనిషి ఒంట్లోంచి ఏ కిరణాలూ బయటికి రావు. మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కూర్చోబెట్టుకోవాలి కూడా.

నొప్పి గురించి చెప్పాలి. "ఈమాత్రం ఓర్చుకోకపోతే ఎలా" అని రోగి, "మత్తుకు అలవాటు పడతాడేమో" అని ఇంటివాళ్లు, ఇద్దరూ నొప్పిని దాస్తారు. తీవ్రమైన క్యాన్సర్ నొప్పికి నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ మంచి మందు. డాక్టరు చెప్పిన మోతాదులో, గడియారం చూసుకుని వేళకు వేస్తే నొప్పి అదుపులో ఉంటుంది, మనిషి కూర్చుని నాలుగు ముద్దలు తింటాడు, నిద్రపోతాడు. మలబద్ధకం వస్తుంది గనుక దానికీ మందు తోడుగా ఇస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఈ మందు దొరకడం బాగా కష్టమైపోతే, 2014లో చట్టాన్ని సవరించి సులువు చేశారు. అయినా చాలా ఊళ్లకు ఇంకా అందడం లేదు. కేరళలో 1993లో కోజికోడ్‌లో కొద్దిమంది డాక్టర్లు, వాలంటీర్లు మొదలుపెట్టిన ఉపశమన సేవ ఊరూరా పాకింది. అక్కడ పక్కింటివాళ్లే శిక్షణ తీసుకుని, నర్సుతో కలిసి మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళతారు. 2008లో ఆ రాష్ట్రం దాన్ని ప్రభుత్వ విధానంగానే తీసుకుంది. పుట్టెడు సంఘాలున్న మన డెల్టాలో ఇది అసాధ్యం ఏమీ కాదు. ఒక మండలానికి ఒక నర్సు, ఒక బండి, పదిమంది మనుషులు ముందుకొస్తే మొదలవుతుంది.

ఇక ఎవరూ అడగని మనిషి సంగతి. మంచం పక్కన చాప వేసుకుని పడుకునే మనిషి. భార్య, పెద్దకూతురు, కోడలు, ఎక్కువ ఇళ్లలో ఆడమనిషే. కూలి పోతుంది, నిద్ర పోతుంది, నడుం పోతుంది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఆయనకెలా ఉంది?" అని అడుగుతారు. "నువ్వు తిన్నావా, పడుకున్నావా?" అని అడిగేవాళ్లుండరు. ఆమె కూడా అలసిపోయానంటే తప్పనుకుని నోరు మెదపదు. అలసట తప్పు కాదు. ఆమె మూలన పడితే రోగిని చూసేవాళ్లుండరు. వారానికి రెండు రాత్రులైనా ఇంకొకరు ఆ చాప మీద పడుకోవాలి. ఇది మొగవాళ్లకూ చెబుతున్నాను. మూత్రం గిన్నె తీయడం, ట్యూబులో జావ పోయడం, కట్టు మార్చడం మీకూ చేతనవుతాయి.

మన ప్రాంతంలో చాలా ఇళ్ల పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు. వాళ్లూ కుమిలిపోతుంటారు, రోజూ వీడియోకాల్లో ఏ మందు వాడుతున్నారని ఇక్కడివాళ్లను ప్రశ్నిస్తుంటారు. వాళ్లకు నా మనవి. డబ్బుతో పాటు మీరు చేయగల పనులున్నాయి. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒకచోట పెట్టే బాధ్యత తీసుకోండి. డాక్టరును ఏమేం అడగాలో ముందే రాసిపెట్టండి. ఒక అటెండరును మాట్లాడి జీతం మీరివ్వండి. సెలవు పెట్టి వచ్చినప్పుడు, చూసుకుంటున్న అక్కనో వదిననో పది రోజులు పుట్టింటికి పంపించి, ఆ చాప మీద మీరు పడుకోండి.

చివరగా, వైద్యం ముగిశాక మిగిలిన జీవితం. కీమో అయిపోగానే "తగ్గిపోయింది కదా, ఇంక ఆ మాటెత్తకు" అంటారు. కానీ ఆ మనిషికి ఇంకా చాలా ఉంటుంది. మొదటి రెండేళ్లూ కొన్ని నెలలకోసారి పరీక్షలకు వెళ్లాలి. వెళ్లే ముందు వారమంతా నిద్ర పట్టదు. చంకలోని గ్రంథులు తీసేసిన చేయి వాచవచ్చు. ఆ చేతికి దెబ్బలు, కాలిన గాయాలు తగలనీయకూడదు, వాపు మొదలవగానే చూపించాలి. కొందరు రొమ్ము క్యాన్సర్ రోగులు ఐదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. బాగానే ఉన్నాం కదా అని మధ్యలో మానేయకూడదు. నోటికి రేడియేషన్ అయినవాళ్లు రోజూ నోరు తెరిచే వ్యాయామం చేయాలి, లేకపోతే దవడ బిగుసుకుపోతుంది. రొమ్ము తీసేసిన భార్యకు భర్త దగ్గర ఉండే బిడియం ఒకటుంది. ఆ మాట ముందు భర్తే ఎత్తాలి, ఆదరంగా ఎత్తాలి.

పెళ్లి సంబంధాలు చెడతాయని తల్లి జబ్బు దాచేవాళ్లున్నారు. క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి పదింట ఒకటికి మించవు. అలాంటి అనుమానం ఉంటే, దాచడం వల్ల నష్టపోయేది ఆ ఆడపిల్లే. తన తల్లికీ పిన్నికీ ఏం వచ్చిందో తెలిస్తేనే కదా తాను ఏ వయసు నుంచి పరీక్షలు చేయించుకోవాలో డాక్టరు చెప్పగలిగేది!

మా అమ్మ వైద్యం అయిపోయాక మా వీధిలో తన సంగతి దాచలేదు. పేరంటాలకు వెళ్లినప్పుడు తానే ఎత్తి చెప్పేది. ఆవిడ మాట విని పరీక్షకు వెళ్లిన ఆడవాళ్లున్నారు. అందులో ఒకావిడకు గడ్డ చిన్నదిగా ఉండగానే దొరికింది. ఎన్ని పోస్టర్లు అంటించినా కదలని మనిషి, తనకు తెలిసినావిడ పసుపు రాయించుకుంటూ చెప్పిన నాలుగు మాటలకు కదిలింది.

అందుకని శ్రోతలకు నా కోరిక ఇది. జబ్బు దాటి వచ్చినవాళ్లు మీ కథ ఒక్కరికైనా చెప్పండి. జబ్బుతో ఉన్నవాళ్లు మీ నొప్పి, మీ భయం, మీ కోరిక ఇంట్లో చెప్పండి. చూసుకుంటున్నవాళ్లు అలసిపోయామని చెప్పండి. ఏమీ లేదనుకుంటున్నవాళ్లు, 30 దాటి ఉంటే, ఈ నెలలోనే మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి ఆ క్యాన్సర్ పరీక్షలు చేయమని అడగండి. ఇంట్లో అమ్మనూ అత్తగారినీ కూడా తీసుకెళ్లండి.